అన్నయ్య రివాల్వరుకు పూత

తెలుగు పంతులుకు తుపాకితో పనేమిటని మిత్రులు నవ్వుకోవచ్చు. నవ్వుకున్నా ఫరవాలేదు. ముప్పైరెండేళ్ళు సంధులూ సమాసాలూ చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి; ఇక్కడ ఇంతవరకు నేను వ్రాసినవన్నీ పద్యాల గురించో, పాత మాటల గురించో. అయితే 2024 వేసవి తరువాత ఓ నాలుగు నెలలపాటు నా బుర్రను తొలిచిన విషయం ఛందస్సు కాదు, అలంకారం కాదు. ఒక పాత ఇనుప వస్తువుకు ఏ పూత వేయిస్తే పదికాలాలపాటు త్రుప్పు పట్టకుండా ఉంటుందన్నది. (త్రుప్పు అన్నది అచ్చుతప్పు కాదు, నిఘంటువుల్లో ఉన్న పాత రూపం. ఇకమీదట అందరూ అనే తుప్పుతోనే ఈ టపా నడిపిస్తాను, ఎవరూ సరిదిద్దే శ్రమ తీసుకోవద్దు.)

ఆ వస్తువు మా పెద్దన్నయ్య రివాల్వరు.

బందరు దాపున ఆయనకు బియ్యపు మిల్లు ఉండేది. ధాన్యం కొనే రోజుల్లో బ్యాంకు నుంచి రొక్కం సంచిలో వేసుకొని కాలవగట్టు వెంబడి మోటారుసైకిలు మీద రావలసి వచ్చేది. అందుకని 1974లో లైసెన్సు తీసుకొని, బెజవాడలో అనుమతి ఉన్న ఒక దుకాణంలో చేతులు మారిన సరుకు ఒకటి కొన్నాడు. వెబ్లీ అండ్ స్కాట్ వారు బర్మింగ్‌హామ్‌లో చేసినది, .32 కాలిబరు, ఆరు గదులు, మీట నొక్కితే నడుమ విరిగి తెరచుకొనే రకం. ఊళ్ళో అందరూ దాన్ని పిస్తోలు అనేవారు. రివాల్వరుకూ పిస్తోలుకూ తేడా ఉన్నదని అన్నయ్య మొదట్లో చెప్పి చూచి, ఆ తరువాత తానూ పిస్తోలే అనడం మొదలుపెట్టాడు. మనిషి మీదకు ఎత్తవలసిన అవసరం ఆయనకు ఒక్కనాడూ రాలేదు. నాకు గుర్తున్నదల్లా దాని రంగు. కాకి మెడ మీద ఎండ పడితే కనిపించే నీలిమ ఉంటుందే, అటువంటి నలుపు.

ఆ నలుపును చెడగొట్టినవాణ్ణి నేను.

1977 నవంబరు 19, దివిసీమ ఉప్పెన. నేనప్పుడు భాషాప్రవీణ చదువుతూ, రెండు రోజులుండి పోదామని అన్నయ్య ఇంటికి వచ్చి ఉన్నాను. దివిసీమలో జరిగిన దానితో పోలిస్తే మాకు జరిగింది చెప్పుకోదగ్గది కాదు. అక్కడ ఊళ్ళకు ఊళ్ళే కొట్టుకొనిపోయాయి, వేలాది మంది పోయారు. మా ఇంట్లోకి మోకాలి లోతున ఉప్పునీరు వచ్చి, రెండోనాటికి తీసింది. అన్నయ్య పని మీద బెజవాడ వెళ్ళి ఉన్నాడు; చెట్లు కూలి దారులు మూసుకొనిపోయి ఐదు రోజుల దాకా రాలేకపోయాడు. బీరువా అడుగు అరలో తోలు ఒరతో సహా నానిపోయిన పిస్తోలును మూడోనాడు వదిన బయటకు తీసింది. తూటాలు పై అరలో వేరే డబ్బాలో ఉండేవి కనుక వాటికేమీ కాలేదు. (లైసెన్సు లేని మేము దాన్ని ముట్టుకోవడమే చట్టరీత్యా తప్పు. ఆ స్పృహ ఉండే రోజులు కావవి.) ఒరలోంచి తీసేసరికే అక్కడక్కడ ఎర్రని పొక్కులు లేచి ఉన్నాయి.

ఇత్తడి బిందెకు చిలుము పడితే ఇంట్లో ఏం చేస్తారో, నాకు తెలిసినదల్లా అదొక్కటే. చింతపండు నానబెట్టి, బూడిద కలిపి, కొబ్బరిపీచుతో ఎడమవైపు తోమడం ప్రారంభించాను. ఎరుపు పోయింది. దానితోపాటు నలుపూ పోయింది. లోపలినుంచి వెండిలా తెల్లని లోహం బయటపడింది. నిజం చెప్పవద్దూ, నేను ఎంతో సంబరపడ్డాను. ఇన్నాళ్ళూ ఇంత మురికి పేరుకొని ఉన్నదా అనుకున్నాను. "చూడు వదినా, ఎలా మెరుస్తున్నదో!" అని చూపించాను కూడా. చేతులు నొప్పిపుట్టి, కుడివైపు రేపు తోముదామని గుడ్డలో చుట్టి పెట్టాను. తెల్లవారి చూస్తే నేను తోమిన వైపంతా కుంకుమ చల్లినట్లు ఎర్రగా ఉన్నది. తోమని వైపున, ఆ నాలుగు పొక్కులు తప్ప, నలుపు అలాగే ఉన్నది.

అన్నయ్య వచ్చాక దాన్ని చేతిలోకి తీసుకొని అటూ ఇటూ తిప్పి చూచాడు. "ఒరేయ్, అది మురికి కాదురా. దాన్ని కాపాడేదే ఆ నలుపు" అన్నాడు. అంతే. ఇల్లు మునిగి, మిల్లులో బస్తాలు తడిసి మొలకెత్తుతున్న ఆ రోజుల్లో అంతకంటే మాట్లాడే తీరికా లేదు.

ఆ వారం మొదలుకొని, 2021లో ఆయన పోయేదాకా, ప్రతి ఆదివారం ఉదయం పాత బనీను గుడ్డతో దానికి కుట్టుమిషను నూనె పట్టించేవాడు. కుడివైపు ఒకమారు తుడిస్తే ఎడమవైపు రెండుమార్లు తుడిచేవాడు. నేను ఆ ఊరు వెళ్ళినప్పుడల్లా ఎదురుగా కూర్చొని పేపరు చదువుతున్నట్లు నటించేవాణ్ణి. ఒక్క మాట అనేవాడు కాదు. అని ఉంటే బాగుండేది.

ఆయన తరువాత లైసెన్సు వారసుడిగా మా అన్నగారి అబ్బాయి పేరిట మారింది. 2024 మార్చిలో ఎన్నికల ప్రకటన వెలువడగానే, రివాజు ప్రకారం ఆయుధాన్ని ఠాణాలో అప్పగించవలసి వచ్చింది. మావాడు తోలు ఒరలో పెట్టి ఇచ్చాడు. జూన్‌లో లెక్కింపు ముగిశాక తిరిగి తెచ్చుకున్నాడు. సముద్రపుగాలి తగిలే ఊళ్ళో మూడు నెలలు, నూనెచుక్క లేకుండా, చీటీ కట్టిన దారంతో సహా పడి ఉన్నది. దారం చుట్టినచోట ఎర్రని గీత, ఒర అంచు తగిలినచోటల్లా ఎర్రని వార. ఠాణావారిని అనవలసింది లేదు. భద్రపరుస్తామన్నారు గాని నూనె రాస్తామనలేదు కదా. అసలు దోషం తోలు ఒరది. తోలు పదును చేయడంలో వాడిన లవణాలూ ఆమ్లాలూ అందులో కొంత మిగిలే ఉంటాయి. అది గాలిలోని చెమ్మను పీల్చి, ఇనుముకు అంటిపెట్టుకొని ఉంచుతుంది. నడుముకు కట్టుకోవడానికే గాని దాచి ఉంచడానికి తోలు ఒర పనికిరాదు. యాభైయేళ్ళు ఇంట్లో ఉన్నా ఈ సంగతి మాకెవరికీ తెలియదు. దీనికి తోడు ఏటేటా మహర్నవమినాడు వదిన కొబ్బరినీళ్ళు చిలకరించి కుంకుమ పెట్టేది. గొట్టం మొదట్లో ఆ బొట్టు పెట్టినచోట చిన్న నాణెమంత గుంటలు గుంటల మచ్చ ఒకటి శాశ్వతంగా ఉండిపోయింది.

"బాబాయ్, దీనికి శాశ్వతంగా ఒక పూత వేయించేస్తే ఈ ఆదివారం నూనె గొడవ ఉండదు. ఏది మంచిదో మీరే చదివి చెప్పండి. నాన్న ఉంటే మిమ్మల్నే అడిగేవారు" అన్నాడు మావాడు.

ఈ ఒక్క విషయంలో వాళ్ళ నాన్న నన్ను అడిగేవాడు కాదని వాడికి తెలియదు. చెప్పలేకపోయాను. చదవడం మొదలుపెట్టాను.

పూత అనే మాట మామిడిచెట్టుకూ వాడతాము, ఇనుముకూ వాడతాము. మామిడికి పూత లోపలినుంచి వస్తుంది. ఇనుముకు పైనుంచి పూస్తారు. అని అనుకున్నాను. తీరా చదివితే ఇనుము విషయంలో రెండు తెగలూ ఉన్నాయి. కొన్ని పైన వేసే పొరలు. కొన్ని ఆ ఇనుమే తన పైతలాన్ని మార్చుకోగా వచ్చే పొరలు. ఈ భేదం ఒక్కటి పట్టుబడ్డాక మిగతాది నాకు వ్యాకరణంలాగానే అర్థమయింది.

పైన వేసేవాటిలో మనకు చిరపరిచితమైనది కళాయి. నవాసాగరం చల్లి, దూదితో తగరం రుద్ది గిన్నె లోపల వెండిలా చేసే కళాయి సాయిబు మా చిన్నతనంలో వీధిలోకి వచ్చేవాడు. నికెల్ పూత దానికి దూరపు చుట్టం. చూడటానికి పెళ్ళికొడుకులా ఉంటుంది. నికెల్ తనంత తాను తుప్పు పట్టదు. కాని దానిలో సూదిమొనంత రంధ్రమున్నా, ఒక గీత పడినా, ఆ సందులోంచి చెమ్మ చేరి, నికెల్ లేనప్పటికంటే వేగంగా అక్కడి ఇనుము తినబడుతుంది. రెండు లోహాలు తడిలో కలిసి ఉంటే బలహీనమైనది ముందు బలి కావడం విద్యుద్రసాయన నియమం. నికెల్ దగ్గర బలి అయ్యేది ఇనుము. జింకు బక్కెట్టులో ఇది తలక్రిందులు. అక్కడ జింకు తాను ముందు కరిగి ఇనుమును నిలబెడుతుంది, అందుకే గీతపడ్డ బక్కెట్టు కూడా ఏళ్ళ తరబడి నూతి దగ్గర నిలుస్తుంది. మరి తుపాకికి జింకు పూయవచ్చు గదా అని నాకు తోచింది. అది మెత్తనిది, అరిగిపోతుంది. వేడి జింకులో ముంచి తీస్తే పొర మందమై కదిలే భాగాలు కదలవు.

ఇక మావాడి మనసు పడ్డది హార్డ్ క్రోమ్ మీద. దానికి పడవలసిందే. రాక్‌వెల్ సి కొలతలో 65 నుంచి 70 దాకా గట్టిదనం. ఆకురాయి పెట్టినా జారిపోతుంది. పదేళ్ళు ఒరలోంచి తీసి పెట్టినా అరగదు. అయితే ఆ పొరలో కంటికి కనిపించని సన్నని నెర్రెలు ఉంటాయట, వేసవిలో మన చెరువు అడుగులా. రాపిడికి అది వజ్రమే గాని ఉప్పు చెమ్మకు అంత అభేద్యం కాదు. పైగా పూత వేసే సమయంలో హైడ్రోజన్ ఉక్కులోకి చొరబడి పెళుసు చేస్తుంది. వెంటనే పొయ్యిలో 190 డిగ్రీల దగ్గర గంటల తరబడి కాల్చి దాన్ని వెళ్ళగొట్టాలి. స్ప్రింగులకు ఈ పూత వేయించనే కూడదు. తొట్టిలోని క్రోమిక్ ఆమ్లపు ఆవిరి పనివాడి ఊపిరితిత్తులకు కేన్సరు తెచ్చే పదార్థం. ఆటోనగర్‌లో బంపర్లకు క్రోమ్ పూసేవారి దగ్గరకు తీసుకొనిపోదామా అని మావాడు అన్నప్పుడు నాకు భయం వేసింది. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం తుపాకి తయారీకి వలెనే మరమ్మతుకు కూడా లైసెన్సు ఉండాలి, ఐదవ సెక్షను. అది లేని పూతల దుకాణంలో దాన్ని బల్ల మీద పెట్టడమే నేరం.

సెరాకోట్ అనేది ఇటీవలి వస్తువు. పింగాణీ రేణువులు కలిపిన పాలిమర్ రంగు. తుంపరగా చల్లి, సుమారు 120 డిగ్రీల పొయ్యిలో రెండు గంటలు కాలిస్తే ఉక్కుకు కరచుకొంటుంది. మందం మిల్లీమీటరులో నలభయ్యో వంతు. ఉప్పునీటికి నిలవడంలో నేను చదివినవాటిలో దీనికి సాటి కనిపించలేదు. నిష్పక్షపాతంగా చెప్పాలంటే, సముద్రతీరంలో రోజూ నడుముకు కట్టుకొని తిరిగే పనివాడు ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇదే. కాని పూయడానికి ముందు గరుకుపొడిని గాలితో కొట్టి పాతదంతా ఊడగొట్టాలి. ఆ తరువాత చూస్తే అది కొత్త వస్తువు, ఏ దేశానిదైనా కావచ్చు.

అసలు పాతదెందుకు, తుప్పే పట్టనిది కొనుక్కోవచ్చు గదా అని కూడా మావాడు ఒకనాడు అన్నాడు. నిజమే. స్మిత్ అండ్ వెసన్ వారు 1965లోనే స్టెయిన్‌లెస్ రివాల్వరును బజారులోకి తెచ్చారు. కాన్పూరులోని ప్రభుత్వ కర్మాగారం 2014లో నిర్భీక్ పేరుతో టైటానియం మిశ్రలోహంతో ఒకటి చేసింది. నేను ఊరుకున్నాను. కొత్తది కొనే ఉద్దేశం వాడికీ లేదు, లోపలినుంచి వదిన వింటున్నది.

ఇక రెండో తెగ, లోపలినుంచి వచ్చే పూతలు. వీటిలో అత్యాధునికం నత్రజని పట్టించడం. సుమారు 570 డిగ్రీల కరిగిన లవణాల్లో ఉంచితే ఉక్కు పైతలమే గట్టిపడి తుప్పుకు లొంగదు. ఆస్ట్రియా వారి గ్లాక్ పిస్తోళ్ళకు పేరు తెచ్చినది ఇదే. కాని మొదటినుంచీ దానికోసం ఎంచిన ఉక్కు కావాలి. అంత వేడిలో మన పాత ముసలి ఉక్కు తనకు పెట్టిన పదును కోల్పోవచ్చు. అది ప్రక్కన పెట్టాను.

ఫాస్ఫేటు పూత నన్ను కొంతకాలం కట్టిపడేసింది. సైన్యాల తుపాకులకు కనిపించే మెరుపులేని బూడిదరంగు అది. అమెరికా వారు పార్కరైజింగ్ అంటారు. ఫాస్ఫారిక్ ఆమ్లంలో జింకో మాంగనీసో కలిపిన వేడి ద్రవంలో ముంచితే ఉక్కు మీద ఫాస్ఫేటు స్ఫటికాలు గరుకుగా మొలుస్తాయి. ఆ గరుకుదనమే దాని గుణం. నూనెను పీల్చి పట్టి ఉంచుతుంది. ఇది చదువుతుంటే ఢిల్లీలోని ఇనుప స్తంభం గుర్తుకు వచ్చింది. గుప్తుల కాలం నాటిది, ఏడు మీటర్ల పొడవు, ఆరు టన్నుల పైచిలుకు బరువు, పదహారు వందల ఏళ్ళుగా ఎండకూ వానకూ నిలిచి ఉన్నది. కాన్పూరు ఐఐటీలో ఆచార్యులుగా ఉండిన బాలసుబ్రహ్మణ్యంగారు దాని రహస్యాన్ని పరిశోధించి చెప్పారు. ఆనాటి ఇనుములో భాస్వరం పాలు ఎక్కువ. తడిసి ఆరడంలో అదే పైకి వచ్చి ఫాస్ఫేటు పొరగా ఏర్పడి కాపాడుతున్నది. మనవాళ్ళకు అన్నీ ముందే తెలుసునని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఆ కమ్మరులకు భాస్వరం పేరే తెలియదు. కాని పూత ఒకటే, ఒకచోట తొట్టిలో అరగంటలో వేసినది, ఒకచోట శతాబ్దాలలో తానై వేసుకొన్నది. ఆ స్తంభానికి కూడా మనుషుల చేతి చెమట తగలకుండా 1997లో కంచె వేయవలసి వచ్చింది. చెమటలో ఉన్నదీ ఉప్పే గదా.

చివరకు అన్నయ్య చెప్పిన నలుపు. ఇంగ్లీషువాడు దాన్ని బ్లూయింగ్ అంటాడు. అది రంగు కాదు, లేపనం కాదు. తుప్పుకు అది తోబుట్టువు! ఇనుమూ ప్రాణవాయువూ ఒక పాళ్ళలో కలిస్తే ఎర్రని తుప్పు. ఇంకొక పాళ్ళలో కలిస్తే నల్లని మాగ్నటైటు. ఎరుపు పొక్కులు పొక్కులుగా లేచి రాలి, క్రింది ఇనుమును మళ్ళీ గాలికి అప్పగిస్తుంది. నలుపు పట్టుగా అతుక్కొని ఉంటుంది. మందం ఒకటి రెండు మైక్రాన్లకు మించదు. నూనె తోడు లేకపోతే దాని కాపుదల స్వల్పం. పులుపు తగిలితే క్షణాల్లో కరుగుతుంది. నలభయ్యేడేళ్ళ తరువాత నా చింతపండుకు రసాయనశాస్త్రం దొరికింది.

ఆగస్టులో మావాడూ నేనూ లైసెన్సు పుస్తకంతో సహా బెజవాడలోని అధీకృత దుకాణానికి వెళ్ళాము. అక్కడ వెనుక గదిలో పనిచేసే సాహెబుగారికి డెబ్భై దాటి ఉంటాయి. తెరచి, ఖాళీగా ఉన్నదో లేదో రెండుమార్లు చూచి, కిటికీ దగ్గరకు తీసుకొనిపోయి కళ్ళజోడు పైకి నెట్టి చూచారు. మావాడు క్రోమ్ గురించి మొదలుపెట్టగానే చేయి అడ్డంపెట్టి, "మీకు మెరుపు కావాలా బాబూ, మన్నిక కావాలా, ఇదే కావాలా?" అని అడిగారు. మావాడికి వెంటనే అర్థం కాలేదు. నాకూ కాలేదు.

ఏ పూతకైనా ముందు చక్రం పట్టి నునుపు చేయాలి, గుంటలు పోవాలంటే గుంటల లోతు దాకా చుట్టూ ఉన్న ఇనుమును అరగదీయాలి. వేడి బ్లూయింగ్ అంటే కాస్టిక్ సోడా, నైట్రేటు కలిపి 140 డిగ్రీల దగ్గర మరిగే నీళ్ళలో ముంచడం, అరగంటలో నల్లబడుతుంది. కాని ముందు పట్టిన చక్రానికి అక్షరాల అంచులు గుండ్రబడతాయి, బర్మింగ్‌హామ్ పరీక్షశాల వేసిన ముద్రలు చెరుగుతాయి, నెంబరు పలచబడుతుంది. నెంబరు చెరపడం చట్టంలో వేరే నేరం, ఎనిమిదవ సెక్షను. సాహెబుగారు దాన్ని నాకంటే బాగా చెప్పారు. అలా మాట్లాడుతూ ఎడమవైపుకు త్రిప్పి, బొటనవ్రేలితో తడిమి, ఆగారు.

"ఇటుపక్క ఎవరో పులుపు పెట్టి తోమారు. నిమ్మకాయో, చింతపండో."

మావాడు నవ్వి, "అంత కచ్చితంగా ఎలా చెబుతారండీ?" అన్నాడు.

"చక్రం పట్టి ఉంటే అక్షరాలు మెత్తబడేవి. చూడండి, పదును పదునుగానే ఉన్నాయి. రంగు ఒక్కటే పోయింది."

"నేనే తోమాను సాహెబుగారూ, చింతపండుతో" అన్నాను. నా గొంతు నాకే వింతగా వినిపించింది. సాహెబుగారు తల ఊపి ఊరుకున్నారు. ఆయనకు అది రోజూ వినే సంగతి. మావాడు మాత్రం నావైపు తిరిగి చాలాసేపు చూచాడు. "నాన్న ఎప్పుడూ చెప్పలేదే" అన్నాడు. వాడికి ఉప్పెన నాటికి ఏడాది నిండలేదు.

సాహెబుగారు చెప్పిన మార్గం వింటే నాకు ముందు నమ్మకం కుదరలేదు. ఏ పూతా వద్దు, ఉడకబెడదాం అన్నారు. ఉన్న ఎర్రతుప్పును గీకకుండా, జిడ్డు మాత్రం కడిగి, బ్యాటరీలో పోసే శుద్ధజలంలో సలసల మరగనిస్తే ఆ ఎరుపే నలుపుగా మారుతుంది. మారినదాన్ని జుట్టుకంటే సన్నని తీగల కుంచెతో మెల్లగా రుద్దితే వదులుగా ఉన్నది రాలిపోయి, అతుక్కున్నది మిగులుతుంది. ఉన్న పాత నలుపుకు ఏమీ కాదు. నిజానికి ఇదే పద్ధతిలో, కావాలని తుప్పు పట్టించి, ఉడికించి, రుద్ది, మళ్ళీ తుప్పు పట్టించి, ఏడెనిమిది విడతలుగా నలుపు ఎక్కించడం పూర్వపు తుపాకుల పనివాళ్ళ విద్య. రెండు గొట్టాల తుపాకులకు ఇప్పటికీ అదే చేస్తారు. గొట్టాలను అతికిన టంకం కాస్టిక్ సోడాలో కరిగిపోతుంది గనుక వాటిని వేడి తొట్టిలో ముంచకూడదు. ఉష్ణం ఉష్ణేన శీతలం అన్నమాట పాఠంలో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. దానికి ఇంత శుద్ధమైన ఉదాహరణ ఉన్నదని తెలిసి ఉంటే పిల్లలు ఇంకొంచెం శ్రద్ధగా వినేవారేమో.

మావాడు ఒప్పుకోవడానికి అరగంట పట్టింది. "అయితే ఆదివారం నూనె తప్పదన్నమాట" అన్నాడు. తప్పదన్నారు సాహెబుగారు. నూనెకంటే మ్యూజియంలలో వాడే రకం మైనం మేలనీ, అది పలచగా రాసి మెరుగుపెడితే వ్రేళ్ళ ముద్రలు ఇనుము దాకా చేరవనీ చెప్పారు. తోలు ఒరను వేరుగా ఉంచమన్నారు. పెట్టెలో తేమను పీల్చే సిలికా పొట్లాలు వేసి, నెల నెలా మార్చమన్నారు.

రశీదు వ్రాసి ఇచ్చి అక్కడే ఉంచుకొన్నారు. నాలుగు రోజుల తరువాత వెళ్ళాము. మూడు విడతలు ఉడికించారట. దారం గీత నల్లబడి దాదాపు కలిసిపోయింది. బొట్టు మచ్చ గుంటలతో సహా ఉన్నది, ఎరుపు లేదు. ఎడమవైపు నేను ఎక్కువసేపు చూడలేకపోయాను. అన్నయ్య నూనె గుడ్డ క్రింద నలభై నాలుగేళ్ళు పలచని గోధుమవన్నెగా నిలిచినదంతా నల్లబడింది. కుడివైపు కాకిమెడ నలుపు కాదు, బొగ్గుపొడి నలుపు. రెండు ప్రక్కలా చూస్తే ఎవరికైనా తేడా తెలుస్తుంది. మావాడు అదీ ఇదీ త్రిప్పి చూచి, "ఇలాగే ఉండనీయండి బాబాయ్" అన్నాడు.

ఇంటికి తెచ్చాక వదిన చేతికిచ్చాడు. ఆవిడ ఎడమవైపు పైటచెంగుతో ఒకమారు తుడిచి, "నువ్వు తోమిన వైపేనా ఏమయ్యా ఇది?" అని నన్నడిగింది. ఆవిడ మరచిపోలేదు. ఔనన్నాను. ఆ యేటి మహర్నవమికి కుంకుమ పెట్టెమూతకు పెట్టించాము, కొబ్బరినీళ్ళు నేలమీదే చల్లించాము. ఆవిడకు అది తృప్తిగా లేదు గాని సరేనన్నది.

తరువాత వచ్చిన వానాకాలం కూడా గడిచింది. మొన్న వెళ్ళినప్పుడు పెట్టె తెరచి చూశాము. మీట దగ్గర, మైనం సరిగా అందని సందులో, ఆవగింజంత ఎరుపు కనిపించింది. మావాడు బనీను గుడ్డ నా చేతిలో పెట్టి, తాను పట్టుకొని కూర్చున్నాడు. ఎడమవైపు రెండుమార్లు తుడిచాను. ఖాళీ ఒర మేకుకు వ్రేలాడుతున్నది.